ఆగిన చదువు ఎక్కడి నుంచి మొదలవుతుంది?

డిగ్రీ రెండో సంవత్సరం పూర్తిచేసిన అమ్మాయికి సంబంధం కుదిరింది. నికాహ్ జరిగింది, ఆమె వేరే ఊరికి వెళ్ళిపోయింది. లేదా ఇంటికి పెద్దకొడుకైన కుర్రవాడు తండ్రి అనారోగ్యం వల్ల చదువు ఆపి దుకాణంలో కూర్చున్నాడు, గల్ఫ్‌కు వెళ్ళాడు. ఇటువంటి సంగతులు చెప్పుకొనేటప్పుడు మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: ‘‘రెండేళ్ల చదువు వృథా అయిపోయింది.’’ ఆ మాట అన్న తర్వాత ఇక ఎవరూ ఆ చదువు సంగతి తలపెట్టరు. ధ్రువపత్రాలు కళాశాల బీరువాలోనే ఉండిపోతాయి. నాలుగైదేళ్ల తర్వాత అవసరం వచ్చినప్పుడు మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చేరవలసిందేనని అందరూ అనుకుంటారు.

ఇటీవల ఇందుకు పూర్తిగా భిన్నమైన మరో మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. ‘‘ఇప్పుడు క్రెడిట్ల పద్ధతి వచ్చింది. ఎక్కడ చదివినా లెక్కలోకి వస్తుంది. మిగిలిన ఏడాది ఎక్కడైనా చదివితే పట్టా చేతికి వస్తుంది’’ అని కొందరు ధైర్యం చెబుతున్నారు.

ఈ రెండు మాటలూ సరికావు. చదివినది వృథా కాదు. అలాగని చదివినదంతా తనంతట తానే పట్టాలోకి చేరిపోదు. ఈ రెండింటి మధ్య ఉన్న వాస్తవం ఏమిటో ఈ నెల వివరించదలిచాము. ఇది తెలియకపోవడం వల్ల నష్టపోతున్నది ఎక్కువగా మన ఆడపిల్లలే గనుక తల్లిదండ్రులు, అత్తమామలు, భర్తలు కూడా దీనిని చదవాలని మా మనవి.

క్రెడిట్ అంటే ఏమిటి?

క్రెడిట్ అనేది మార్కు కాదు. ఒక విషయాన్ని ఎంతసేపు అభ్యసించారో చెప్పే కొలత. వారానికి ఒక గంట చొప్పున పదిహేను వారాల సెమిస్టర్‌లో పాఠం విని, పరీక్షలో ఉత్తీర్ణత పొందితే ఒక క్రెడిట్ లభిస్తుంది. ప్రయోగశాల పని అయితే వారానికి రెండు గంటలు చేస్తే ఒక క్రెడిట్. విద్యార్థి ఎంత బాగా చదివారన్నది గ్రేడు చెబుతుంది. ఎంత చదివారన్నది క్రెడిట్ చెబుతుంది. అత్తెసరు గ్రేడుతో గట్టెక్కినా, అత్యుత్తమ గ్రేడు తెచ్చుకున్నా నాలుగు క్రెడిట్ల విషయానికి నాలుగు క్రెడిట్లే. తప్పితే మాత్రం సున్నా.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి 160 క్రెడిట్లు ఉండాలి. మొదటి సంవత్సరం 40 క్రెడిట్లతో ఆపివేసిన వారు వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తిచేస్తే సర్టిఫికెట్, రెండు సంవత్సరాల 80 క్రెడిట్లతో ఆపివేసి అటువంటి కోర్సు చేసిన వారు డిప్లొమా పొందవచ్చు. ఇది దేశమంతటికీ ఇచ్చిన నమూనా. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రతి విశ్వవిద్యాలయానికీ తన సొంత నిబంధనలు ఉంటాయి, అంకెలు కొంత మారవచ్చు. కాబట్టి మీ అమ్మాయి చదివిన విశ్వవిద్యాలయం నిబంధనల పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

క్రెడిట్ల ఖాతా

2020 జూలైలో ఆమోదం పొందిన జాతీయ విద్యా విధానం క్రెడిట్లను భద్రపరచే ఒక ఏర్పాటును ప్రతిపాదించింది. దాని పేరు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. క్లుప్తంగా ఏబీసీ అంటారు. 2021 జూలైలో యూజీసీ దీనికి నిబంధనలు ప్రకటించింది. డిజిలాకర్ ద్వారా విద్యార్థి ఉచితంగా ఖాతా తెరుచుకోవచ్చు. పన్నెండు అంకెల గుర్తింపు సంఖ్య వస్తుంది. ఇప్పుడు దానినే ‘అపార్’ సంఖ్య పేరుతో కూడా వ్యవహరిస్తున్నారు.

బ్యాంకు అన్నారు కదా అని మనం మెమోలు తీసుకుపోయి అందులో జమ చేయలేము. జమ చేయవలసింది చదివించిన విద్యాసంస్థే. విద్యార్థి స్వయంగా సమర్పించే పత్రాలను ఏబీసీ స్వీకరించదు. కాబట్టి ఖాతా తెరవగానే పని పూర్తయిందని అనుకోరాదు. ప్రతి సెమిస్టర్ ఫలితాల తర్వాత ఖాతా తెరిచి, క్రెడిట్లు జమ అయ్యాయో లేదో చూసుకోవాలి. కాకపోతే కళాశాల పరీక్షల విభాగాన్ని అడగాలి. చదువుతున్న రోజుల్లో ఇది పది నిమిషాల పని. పెళ్లయి రెండు వందల కిలోమీటర్ల దూరం వెళ్లిన తర్వాత అదే నెలల తరబడి తిరుగుడు అవుతుంది.

మరో సంగతి. ఒక పట్టా కోసం వాడుకున్న క్రెడిట్లు ఖాతా నుంచి తగ్గిపోతాయి. అవే క్రెడిట్లను చూపి రెండో పట్టా పొందడం కుదరదు.

జమ అయినవన్నీ లెక్కలోకి వస్తాయా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 120 క్రెడిట్లు అంటే ఏవో 120 క్రెడిట్లు కావు. డిగ్రీ అనేది అరలున్న పెట్టె వంటిది. ఏ అరలో ఎన్ని నిండాలో ముందే నిర్ణయించి ఉంటుంది. యూజీసీ నమూనాలో మూడేళ్ల డిగ్రీకి ప్రధాన విషయంలో, అంటే మేజర్‌లో 60, మైనర్‌లో 24, ఇతర శాస్త్రాల పరిచయానికి 9, భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9, విలువల కోర్సులకు 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు కేటాయించారు. భాషల అర నిండిన తర్వాత మరో నాలుగు భాషా క్రెడిట్లు తెచ్చినా మేజర్ లోటు తీరదు.

ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక అమ్మాయి బీకాం రెండు సంవత్సరాలు చదివింది. 80 క్రెడిట్లు రావలసి ఉండగా ఒక మేజర్ పేపరు తప్పింది. మిగిలినవి 76: మేజర్‌లో 32, మైనర్‌లో 12, ఇతర శాస్త్రాలలో 9, భాషలలో 8, నైపుణ్య కోర్సులలో 9, విలువల కోర్సులలో 6. వివాహం తర్వాత వేరొక విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లి అక్కడ బీకాంలో కొనసాగాలనుకుంది.

ఇంట్లో వేసే లెక్క సులువైనది. 120లో 76 పోతే 44. ఒక సంవత్సరం, మహా అయితే మరికొన్ని నెలలు.

కొత్త విశ్వవిద్యాలయం ఆమె సిలబస్‌ను తన సిలబస్‌తో పోల్చి చూస్తుంది. 32 మేజర్ క్రెడిట్లలో 24 మాత్రమే తమ పాఠ్యాంశాలతో సరిపోతాయని, మిగిలిన 8 ఏ అరలోనూ ఇమడవని తేల్చిందనుకుందాము. అప్పుడు లెక్కలోకి వచ్చేవి 68. మిగిలినవి 44 కాదు, 52.

ఇంకొక నియమం కూడా ఉంది. పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలని ఏబీసీ నిబంధనలు చెబుతున్నాయి. 120లో సగం 60. అంటే 68 క్రెడిట్లు సరిపోతాయని ఒప్పుకున్నప్పటికీ, ఆమె కొత్త సంస్థలో 60 క్రెడిట్లు చదివి తీరాలి. సెమిస్టర్‌కు 20 చొప్పున మూడు సెమిస్టర్లు. ఏడాది అనుకున్నది ఏడాదిన్నర అయింది.

ఈ లెక్క చూసి నిరాశపడవలసిన పనిలేదు. మొదటి నుంచి మొదలుపెడితే మూడేళ్లు పట్టేది. అందులో సగం కాలం, సగం ఫీజు మిగిలాయి. ఈ లెక్కను చేరకముందే వేసుకున్నారా, చేరిన తర్వాత తెలుసుకున్నారా అన్నదే ముఖ్యం. ఏడాదిలో అయిపోతుందని అత్తవారింట మాట ఇచ్చి, అది ఏడాదిన్నర అయినప్పుడు వచ్చే మనస్పర్థలలో ఆ చదువు రెండోసారి ఆగిపోయే ప్రమాదం ఉంది.

పట్టా ఎవరి నుంచి తీసుకోవాలి?

పై ఉదాహరణలోనే మరో దారి ఉంది. ఆ అమ్మాయి తన పాత విశ్వవిద్యాలయం నుంచే పట్టా తీసుకోవాలనుకుంటే? అక్కడ సంపాదించిన 76 క్రెడిట్లూ ఆ సంస్థవే. సగం నియమం ఎప్పుడో తీరిపోయింది. పాత విశ్వవిద్యాలయం తిరిగి ప్రవేశం ఇచ్చి, బయట చదివే కోర్సులను అంగీకరిస్తే, మిగిలిన వాటిలో కొన్నింటిని ఆమె ఉన్న ఊళ్లోని గుర్తింపు పొందిన సంస్థలో గానీ, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ ఆన్‌లైన్ వేదికలో గానీ పూర్తిచేసి పాత చోటికి బదిలీ చేయించుకోవచ్చు. ఒక సెమిస్టర్‌లోని కోర్సులలో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివేందుకు యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. అయితే ఏ కోర్సును అంగీకరిస్తారో విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. ముందుగా అనుమతి తీసుకున్న తర్వాతే చేరాలి. పాఠాలు విన్నంత మాత్రాన క్రెడిట్ రాదు, నిర్ణీత కేంద్రంలో పరీక్ష రాసి ఉత్తీర్ణులు కావాలి.

ఒకే విశ్వవిద్యాలయం పరిధిలోని ఒక కళాశాల నుంచి మరో కళాశాలకు మారితే ఈ చిక్కులు చాలావరకు ఉండవు. సిలబస్ ఒకటే, పట్టా ఇచ్చే సంస్థ ఒకటే. కాబట్టి మెట్టినిల్లు ఏ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుందో చూసుకోవడం మొదటి పని.

వైద్యం, న్యాయం వంటి వృత్తి విద్యలకు వాటి నియంత్రణ మండళ్ల నిబంధనలు వేరుగా ఉంటాయి. ఇక్కడ చెప్పినది బీఏ, బీకాం, బీఎస్సీ వంటి సాధారణ డిగ్రీల గురించి మాత్రమే.

గడువు దాటిపోకుండా

యూజీసీ చట్రం ప్రకారం మధ్యలో ఆపి సర్టిఫికెట్ లేదా డిప్లొమాతో బయటికి వెళ్లినవారు మూడు సంవత్సరాల లోపు తిరిగి చేరవచ్చు. మొత్తం డిగ్రీని ఏడు సంవత్సరాల లోపు పూర్తిచేయాలి. ఏబీసీలో దాచిన క్రెడిట్లకు కూడా సాధారణంగా ఏడేళ్ల గడువు ఉంటుంది.

ఏడేళ్లు చాలా ఎక్కువ కాలంగా కనిపిస్తుంది. కాని వివాహం, కాన్పు, పసిబిడ్డ పెంపకం, మళ్లీ కాన్పు అనే క్రమంలో ఏడేళ్లు ఎలా గడిచిపోతాయో మన తల్లులకు తెలియనిది కాదు. ‘‘పిల్లలు బడికి వెళ్లాక చూద్దాం’’ అనే మాటకు ముందు ఆ అమ్మాయి ఏ సంవత్సరంలో ఇంటర్ తర్వాత చేరిందో, గడువు ఏ సంవత్సరంతో ముగుస్తుందో కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

2021–22 విద్యా సంవత్సరానికి ముందు చదివి ఆపినవారి క్రెడిట్లు ఏబీసీలో జమ కావు. అటువంటి సోదరీమణులు పాత విశ్వవిద్యాలయాన్నే సంప్రదించి మిగిలిన పరీక్షలు రాసే అవకాశం ఉందేమో తెలుసుకోవాలి. అది లేనప్పుడు దూరవిద్య మంచి దారి. 1982లో హైదరాబాద్‌లో ప్రారంభమైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఏర్పడిన ఇగ్నో, 1998లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా దూరవిద్య ద్వారా చదువుకొనే వీలు కల్పిస్తున్నాయి.

మదరసా చదువు సంగతి

ఆలిమ్, ఫాజిల్ చదివిన పిల్లల విషయంలో ఒక అపోహ ఉంది. ఉర్దూ విశ్వవిద్యాలయం అనేక మదరసాల ధ్రువపత్రాలను డిగ్రీ ప్రవేశానికి అర్హతగా గుర్తిస్తుంది. ఇది నిజం, మన పిల్లలకు ఎంతో మేలు చేసిన ఏర్పాటు. అయితే ప్రవేశార్హత వేరు, క్రెడిట్ వేరు. అర్హత అంటే తలుపు తెరవడం. క్రెడిట్ అంటే లోపల కొంత దూరం ముందే నడిచినట్లు లెక్క రాయడం. ఏడేళ్లు మదరసాలో చదివాడు గనుక డిగ్రీలో రెండో సంవత్సరంలో చేర్చుకుంటారని ఎవరైనా చెబితే, ఆ సంస్థ నుంచి రాతపూర్వకమైన పత్రం చూపమని అడగాలి. మీ మదరసా పేరు గుర్తింపు పొందిన జాబితాలో ఉన్నదో లేదో కూడా చేరకముందే చూసుకోవాలి.

పేరు ఒక్కటిగా ఉండాలి

మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. పదో తరగతి మెమోలో ‘ఎస్‌కే’ అని, ఆధార్‌లో ‘షేక్’ అని, ఇంటర్ మెమోలో మరో విధంగా ఉంటుంది. ‘ఎండీ’, ‘మహమ్మద్’, ‘మొహమ్మద్’ అని ఒకే మనిషి మూడు పేర్లతో కనిపిస్తాడు. అమ్మాయిల విషయంలో బేగం, సుల్తానా, ఖాతూన్ అనే చివరి మాట ఒకచోట ఉంటుంది, మరోచోట ఉండదు. వివాహం తర్వాత ఆధార్‌లో భర్త పేరు చేర్చినప్పుడు పేరునే మార్చివేసేవారు కూడా ఉన్నారు.

డిజిలాకర్ ఆధార్ మీద ఆధారపడుతుంది. కళాశాల రికార్డు పదో తరగతి మెమో మీద ఆధారపడుతుంది. రెండు పేర్లూ కలవకపోతే క్రెడిట్లు ఖాతాకు చేరడం కష్టమవుతుంది. పదో తరగతి మెమోలోని పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండేలా ఇప్పుడే సరిచేయించండి. పట్టా చేతికి వచ్చేవరకు ఆధార్‌లో అమ్మాయి పేరు మార్చకపోవడం మేలు.

కళాశాల విడిచే ముందు

చదువు ఆగిపోతుందని తెలిసిన వెంటనే, సామాను సర్దుకోకముందే సేకరించవలసినవి ఇవి: అన్ని సెమిస్టర్ల మెమోలు, టీసీ, వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లేవారైతే మైగ్రేషన్ సర్టిఫికెట్, చదివిన ప్రతి విషయానికీ కళాశాల ముద్రతో కూడిన సిలబస్ ప్రతి. చాలామంది మరచిపోయేది ఈ చివరిదే. మెమోలో విషయం పేరు, క్రెడిట్ల సంఖ్య మాత్రమే ఉంటాయి. లోపల ఏమి చదివారో సిలబస్ చెబుతుంది. కొత్త విశ్వవిద్యాలయం పోల్చి చూసేది దానినే. పై ఉదాహరణలో ఇమడలేదన్న 8 క్రెడిట్ల వంటివి సిలబస్ చూపగలిగినప్పుడు లెక్కలోకి వచ్చే అవకాశం ఉంటుంది.

తప్పిన పేపర్లు ఉంటే, వీలైనంతవరకు వెళ్లేముందే రాసి గట్టెక్కడం మంచిది. ఫీజు బకాయి చూపి పత్రాలు ఇవ్వని కళాశాలలు ఉన్నాయి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఉత్తర్వులిచ్చింది. దానిని ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి.

ఇక కొత్త సంస్థలో ఫీజు కట్టకముందే మూడు ప్రశ్నలు అడగాలి. మా క్రెడిట్లలో ఎన్ని అంగీకరిస్తారు? అవి ఏ ఏ అరలలోకి వెళ్తాయి? పట్టాకు ఇంకా ఎన్ని చదవాలి, ఎన్ని సెమిస్టర్లు పడుతుంది? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద కావాలి. ‘‘చేరండి, అన్నీ మేము చూసుకుంటాం’’ అనే నోటి మాట మీద డబ్బు కట్టవద్దు. ఏడాదిలో డిగ్రీ చేతిలో పెడతామని ప్రకటనలు ఇచ్చే మధ్యవర్తుల దగ్గరికి అసలే వెళ్లవద్దు. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తూ ఉంటుంది. దూరవిద్య కోర్సులకు గుర్తింపు ఉన్న సంస్థల జాబితా కూడా యూజీసీ దగ్గర ఉంటుంది. ఉపకార వేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ కొనసాగుతాయో లేదో కూడా అప్పుడే అడగాలి.

అమెరికాకు వెళ్లేవారికి

భర్తతో అమెరికా వెళ్లి అక్కడ చదువు కొనసాగించాలనుకొనే అమ్మాయిలు ఒక విషయం గమనించాలి. అక్కడ కూడా బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లే. కాని అవి నాలుగు సంవత్సరాలలో, ఏడాదికి ముప్పై చొప్పున పూర్తిచేసేవి. మన దగ్గర ఏడాదికి నలభై. అంకె ఒక్కటే అయినా కొలమానం ఒక్కటి కాదు. ఇక్కడి 80 అక్కడ 80గా నిలవదు. ఏబీసీ ఖాతా అక్కడ పనిచేయదు. ముద్రవేసిన ట్రాన్స్‌క్రిప్టులు, సిలబస్ ప్రతులు అవసరమవుతాయి. వాటిని ఇక్కడ ఉండగానే సిద్ధం చేసుకోవాలి.

సంబంధం మాట్లాడేటప్పుడే

చివరిగా ఒక మాట. సంబంధం మాట్లాడే రోజున మహర్ ఎంత, వలీమా ఎక్కడ అని అన్నీ వివరంగా మాట్లాడుకుంటాము. చదువు దగ్గరికి వచ్చేసరికి ‘‘పెళ్లయ్యాక కూడా చదువుకోవచ్చులెండి’’ అనే ఒక్క వాక్యంతో సరిపెడతాము. ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు. కాని అందులో లెక్క లేదు. ఎన్ని క్రెడిట్లు మిగిలాయి, ఎన్ని సెమిస్టర్లు పడుతుంది, ఏ కళాశాల, ఫీజు ఎవరు కడతారు, పరీక్షల రోజుల్లో ఇంటి పని, పసిబిడ్డ బాధ్యత ఎవరు చూస్తారు అన్నవి కూడా అదే సభలో పెద్దల ముందు మాట్లాడుకోవాలి. రెండు వైపుల వారికీ మాట స్పష్టంగా ఉన్నప్పుడు నిలబెట్టుకోవడమూ సులువవుతుంది. ఒక్క సెమిస్టరో, రెండు సెమిస్టర్లో మిగిలి ఉంటే, నికాహ్ తర్వాత సాగనంపడాన్ని పరీక్షలయ్యేవరకు ఆపుకోవచ్చునేమో ఆలోచించడంలో తప్పులేదు.

ఆ రెండేళ్లలో అమ్మాయి తెల్లవారుజామున లేచి చదివింది. తండ్రి ఫీజు కోసం అప్పు చేశాడు. తల్లి పరీక్ష రోజుల్లో ఆమెను వంటగదిలోకి రానివ్వలేదు. ఆ కష్టమంతా ఇప్పుడు ఒక ఖాతాలో అమానత్‌గా ఉంది. దాన్ని గడువులోగా, సరైన పత్రాలతో తిరిగి తీసుకోవడం ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఈ నెలలోనే మీ ఇంట్లో ఆగిపోయిన చదువు ఒకటి ఉంటే, ఆ మెమోలు బయటికి తీసి, మిగిలిన క్రెడిట్లు ఎన్నో లెక్కవేయండి.